త్రిమూర్తులు అరకు ప్రయాణం

త్రిమూర్తులుకి యాభై మూడేళ్లు. అందులో ఇరవై ఏడేళ్లు స్టీరింగు ముందే గడిచాయి. పుట్టింది సముద్రం ఒడ్డున, వేటకెళ్లే ఇంట్లో. కానీ పడవెక్కితే చాలు కడుపులో తిప్పేసేది. రెండు మూడుసార్లు చూసి తండ్రే విసుగెత్తి, వీడు నీళ్లకి పనికిరాడని రాజమండ్రిలో లారీ నడిపే మేనమామకి అప్పజెప్పాడు. అలా లారీల మీద మొదలుపెట్టి, చివరికి రాజ్ కుమార్ గారి ట్రావెల్స్‌లో పదమూడు సీట్ల వ్యాను మీద స్థిరపడ్డాడు.

అన్నవరం, తలుపులమ్మ లోవ, మారేడుమిల్లి, అరకు. జనం ఎక్కడికంటే అక్కడికి తిప్పాడు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వెనక సీట్లో పసిపిల్ల నిద్రలేవకుండా దింపుతాడని పేరు. కొన్ని కుటుంబాలవాళ్లు ఫోన్ చేసి, మూర్తులు గారు ఖాళీగా ఉన్న రోజేదో కనుక్కుని మరీ ప్రయాణం పెట్టుకునేవాళ్లు.

అతని భార్య లోవలక్ష్మిది తుని. పొద్దున ఆరింటికల్లా మార్కెట్లో చేపల గంప ముందు కూర్చుంటే పదకొండు దాకా లేవదు. ఆవిడ పుట్టాక ఎక్కిన కొండలు రెండే. ఒకటి సత్యనారాయణస్వామిది, రెండోది తలుపులమ్మది. రెండూ మొక్కు తీర్చుకోడానికి ఎక్కినవే గానీ చూడ్డానికి ఎక్కినవి కావు.

మొన్న ఏప్రిల్లో ఎండలు మండిపోతుంటే, రోజూ చేపలు కొనే టీచరమ్మ ఒకావిడ ఫోన్లో అరకు ఫొటోలు చూపించింది. మే నెలలో కూడా సాయంత్రమైతే దుప్పటి కప్పుకున్నామని చెప్పింది. లోవలక్ష్మి ఇంటికొచ్చి, గంప కడిగి బోర్లించి, భర్తతో ఒకే ముక్క చెప్పింది. ఈ మే నెలలో మనం అరకు వెళ్తున్నాం అని. వెళ్దామా అని అడగలేదు.

త్రిమూర్తులు చూద్దాంలే అన్నాడు.

ఆ చూద్దాంలే వెనక ఏముందో ఆవిడకి తెలీదు. ఎవరికీ తెలీదు. జనవరిలో టోల్ గేటు దగ్గర వ్యాను ఎడమ అద్దం స్తంభానికి రాసుకుంది. పరధ్యానం అనుకున్నాడు. ఫిబ్రవరిలో జగ్గంపేట దాటాక ఎడమపక్కన వెళ్తున్న సైకిలాయన అసలు కనపడలేదు. వెనక కూర్చున్నవాళ్లు కేక పెడితే స్టీరింగు కుడికి తిప్పేశాడు. తప్పు సైకిలాయనదేనని అందరికీ చెప్పాడు, తనకి కూడా చెప్పుకున్నాడు. ఆ రోజు సాయంత్రం ఇంటి వెనక నిలబడి కుడికన్ను చేత్తో మూసుకుని చూశాడు. ఎదురుగా ఉన్న గోడ కనిపించింది గానీ, గోడకి ఎడమవైపున్న తులసికోట లేదు. తల తిప్పితే ఉంది. తిప్పకపోతే లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. వెళ్తే పేరు పెడతారు, పేరు పెడితే లైసెన్సు పోతుంది. ఏడాదికోసారి జరిగే కంటి క్యాంపులో బోర్డు మీది అక్షరాలన్నీ చదివేశాడు కదా, అదే ధైర్యం. అప్పట్నుంచి ఘాట్ రోడ్డు బుకింగులు వస్తే నడుం నొప్పని చెప్పి వేరే డ్రైవర్లకి వదిలేసేవాడు. అన్నవరం, ద్రాక్షారామం లాంటి తిన్నటి దారులు మాత్రం నడుపుతూనే ఉన్నాడు, నిమిషానికోసారి తల ఎడమకి తిప్పుకుంటూ.

ఇంట్లో మాత్రం ప్రయాణం ముదిరిపోయింది. కాకినాడలో నర్సింగ్ చదువుతున్న కూతురు అశ్విని సెలవులకొచ్చి, పాత నోటుబుక్కులో అన్నీ రాయడం మొదలుపెట్టింది. ఎవరెవరు వస్తున్నారు, ఏ రోజు ఏం చూడాలి, ఎవరు ఏం వండి తేవాలి. తుని నుంచి లోవలక్ష్మి తల్లి అప్పాయమ్మ, తమ్ముడు బంగార్రాజు, అతని భార్య ఆశాజ్యోతి, వాళ్ల ఇద్దరు పిల్లలు. వీళ్లు ముగ్గురు. మొత్తం ఎనిమిది మంది. బండి సంగతి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడాల్సిన పనే లేదన్నట్టు, బుక్కులో మొదటి గీత మీదే అశ్విని 'డ్రైవర్: నాన్న' అని రాసేసింది.

త్రిమూర్తులు ఒక్కో అడ్డూ వేస్తూ వచ్చాడు. మే నెలంతా పెళ్లిళ్లు, ఓనరు సెలవివ్వడన్నాడు. లోవలక్ష్మి తనే రాజ్ కుమార్ గారింటికి రెండు పండుగప్ప చేపలు పట్టుకెళ్లి అడిగింది. ఆయన సెలవుతోపాటు వ్యాను కూడా ఇస్తానన్నాడు, ఇన్నేళ్లలో సొంత మనుషుల్ని ఒక్కసారైనా ఎక్కించుకున్నాడా పాపం అని. ఆ వయసులో అత్తగారికి కొండగాలి పడదన్నాడు త్రిమూర్తులు. అప్పాయమ్మ ఫోన్లోనే, కోడలి శాలువా పెట్టెలో సర్దేశానని చెప్పింది. బంగార్రాజు అయితే పదిమందిలో చెప్పుకుంటున్నాడట, మా బావ నడిపితే ఘాట్ రోడ్డు కూడా హైవేలా ఉంటుందని.

ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులుంది. గోకవరంలో ఒక పెళ్లివారిని దింపి ఖాళీ బండితో తిరిగి రావాల్సినవాడు, రాలేదు. రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వైపు పోనిచ్చాడు. తనని తాను ఒకసారి చూసుకుందామనుకున్నాడు. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ మొదలయ్యేసరికి పగలు పదకొండయింది. మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండోదీ అంతే. చేతులకి అలవాటైన పని కదా, వాటంతటవే తిప్పుకుంటున్నాయి. మూడో మలుపు దాటాక, అనవసరంగా భయపడ్డానేమో అనిపించి కొంచెం వేగం పెంచాడు.

నాలుగో మలుపులో ఏం వినిపించిందో అతనికి ఇప్పటికీ తెలీదు. కడియం చప్పుడో, దగ్గో. బ్రేకు మీద నిలబడ్డాడు. వ్యాను ఊగి ఆగింది. తల ఎడమకి తిప్పితే, నెత్తిన తునికాకు కట్టతో ఒక ముసలావిడ బంపరుకి జానెడు దూరంలో నిలబడి ఉంది. అంతదాకా ఆవిడ అతని లోకంలోనే లేదు. ఆవిడ తిట్టలేదు. కట్ట సర్దుకుని, అతని వంక ఒకసారి చూసి, బండి పక్కనుంచి నడుచుకుంటూ కిందికి వెళ్లిపోయింది.

ఇంజను ఆపి చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఇప్పుడు అవే నాలుగు మలుపులూ దిగాలి. ముఖం పూర్తిగా ఎడమకి తిప్పి, నడకకన్నా కాస్త ఎక్కువ వేగంతో దిగాడు. వెనక బస్సు హారన్ మోగిస్తూనే ఉంది. ఓవర్‌టేక్ చేస్తూ ఆ డ్రైవరు కిటికీలోంచి, కొత్తగా నేర్చుకుంటున్నావా అని అరిచాడు.

ఇంటికొచ్చి చెప్పేద్దామనుకున్నాడు. చెప్పలేకపోయాడు. నోటికి వచ్చింది వేరే మాట. నేను రావట్లేదు, వేరే డ్రైవర్ని మాట్లాడి పంపిస్తాను, మీరు వెళ్లి రండి అన్నాడు.

 లోవలక్ష్మి రెండు రోజులు అన్నం వడ్డించిందే గానీ మాట్లాడలేదు. మూడోరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. అశ్విని స్నేహితురాలింటికి వెళ్లింది. లోవలక్ష్మి నోటుబుక్కు ముందేసుకుని గుమ్మంలో కూర్చుంది, వెలుతురు కోసం. త్రిమూర్తులు మంచం మీద కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాడు.

"ఊళ్లోవాళ్లందర్నీ తిప్పారు," అంది ఆవిడ, తల ఎత్తకుండా. "మా అమ్మని తిప్పడానికొచ్చేసరికి మీకు మనసు రాలేదు."

అది కాదన్నాడతను. మరేంటో చెప్పమంది. అతను విసనకర్ర ఊపుతూనే ఉన్నాడు. ఆవిడ పెన్ను తీసుకుని అప్పాయమ్మ పేరు మీద గీత కొట్టింది. తర్వాత తమ్ముడి పేరు. తర్వాత మరదలిది. ఒక్కో గీతా తిన్నగా, నెమ్మదిగా కొడుతోంది, చేప పొట్ట కోసినంత జాగ్రత్తగా. పిల్లల పేర్ల దగ్గరికొచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. కళ్లనీళ్లు కాగితం మీద పడ్డాయి.

"ఆగు లోవా," అన్నాడు. "నాకు ఎడం పక్క కనపడట్లేదు."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. అతను జనవరి నుంచి మొదలుపెట్టాడు. టోల్ గేటు, సైకిలాయన, తులసికోట, మొన్నటి మారేడుమిల్లి. మిమ్మల్ని అందర్నీ ఎక్కించుకుని ఆ మలుపులు ఎక్కే ధైర్యం నాకు లేదు, అందుకే అలా అన్నాను అన్నాడు. చెప్పేశాక గుండె మీద బరువు దిగినట్టయింది. ఇక ఆవిడ దగ్గరికొచ్చి కూర్చుంటుందనుకున్నాడు.

లోవలక్ష్మి కదల్లేదు.

"మొన్న ఆదివారం అన్నవరం తీసుకెళ్లినవాళ్లలో చంటిపిల్ల ఉందన్నారు కదా," అంది. "ఆ పిల్లని ఎక్కించుకోడానికి ఎలా వచ్చిందండీ ధైర్యం?"

తిన్నటి దారేగా అనబోయి, అతను నోరు మూసుకున్నాడు. సైకిలాయన కనపడకుండా పోయింది తిన్నటి దారిలోనే. ఇన్ని నెలలూ తను దాస్తున్నది జబ్బనే అనుకున్నాడు. దాని కోసం పణంగా పెడుతున్నది తన వెనక సీట్లలో కూర్చున్నవాళ్ల ప్రాణాలని ఆ క్షణం దాకా అతనికి తోచలేదు, లేదా తోచనివ్వలేదు. ఘాట్ బుకింగులు వదిలేసినప్పుడు తనేదో జాగ్రత్తపరుణ్ణని కూడా అనుకున్నాడు. విసనకర్ర పక్కన పెట్టి, చొక్కా వేసుకుని, మేకుకి తగిలించిన వ్యాను తాళాలు తీసుకున్నాడు. బండి వీధి చివరే ఉంది. దాన్ని అక్కడే వదిలి, ఆ ఎండలో ఆఫీసుకి నడిచే వెళ్లాడు.

రాజ్ కుమార్ గారు మొత్తం విన్నారు. మంచినీళ్లిచ్చారు. కన్ను చూపించుకోమన్నారు, కావాలంటే తనే తోడు వస్తానన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ మే నెల, పెళ్లిళ్ల కాలం, డ్రైవర్లు దొరకడం లేదు.

"ఈ ఆదివారం అన్నవరం ఒక్కటీ లాగెయ్యి మూర్తులూ," అన్నారు. "వాళ్లు నీ పేరు చెప్పి బుక్ చేసుకున్నారు. ఆ దారి నీకు కొట్టిన పిండి."

త్రిమూర్తులు ఆశపడ్డాడు. అది అతనే తర్వాత భార్యతో ఒప్పుకున్నాడు. ఒక్కటే కదా, నెమ్మదిగా వెళ్తే ఏమవుతుంది అని లోపల ఎవరో అన్నట్టయింది. ఆదివారం తర్వాత ఇంకో ఆదివారం వస్తుందని కూడా తెలుసు. తాళాలు టేబుల్ మీద పెట్టాడు. "నన్ను నడపమనకండి సార్. మీరు అడిగితే కాదనలేను," అన్నాడు. ఆయన తాళాలు సొరుగులో వేసుకున్నారు.

కంటి ఆసుపత్రిలో ఒక యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కుడికన్నుకి టకటకా నొక్కాడు. ఎడంకన్నుకి వచ్చేసరికి గదంతా నిశ్శబ్దం. చుక్కలు వెలుగుతున్నాయో లేదో కూడా తెలీలేదు. గది బయట అశ్విని తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ చెప్పింది, కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది, గ్లకోమా అంటారు, పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి. కుడికన్నులో కూడా మొదలైంది గానీ చాలా కొద్దిగా. రోజూ రెండుపూటలా చుక్కలు వెయ్యాలి. డ్రైవింగ్ సంగతి అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపింది.

ఇంటికొచ్చాక రెండు రోజులు అతను మంచం దిగలేదు. అరకు మానేద్దామంది లోవలక్ష్మి, ఈసారి అలిగి కాదు. మానొద్దని పట్టుబట్టింది అశ్విని. రైలుంది కదా అంది. గీతలు కొట్టిన కాగితం చింపేసి కొత్త కాగితం మీద రాసింది. బంగార్రాజుకి లోవలక్ష్మే ఫోన్ చేసి అంతా చెప్పింది. విశాఖలో పడుకోడానికి తన స్నేహితుడి ఇల్లు చూస్తానన్నాడట అతను. అంతే.

అనుకున్న తేదీ కన్నా వారం ఆలస్యంగా రైల్లో బయల్దేరారు. తునిలో మిగతావాళ్లు ఎక్కారు. బావ ముఖంలోకి చూడ్డానికి బంగార్రాజు ఇబ్బంది పడ్డాడు గానీ, అప్పాయమ్మ మాత్రం అల్లుడి గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, కన్ను బానే ఉందే అంది. పిల్లలు నవ్వారు. త్రిమూర్తులుకి కూడా నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత.

మర్నాడు పొద్దున్నే విశాఖలో అరకు రైలెక్కి కొండలోకి వెళ్లారు. ఆ తర్వాతి రోజు చుట్టుపక్కల చూడ్డానికి జీపు మాట్లాడారు. త్రిమూర్తులు ఎక్కనన్నాడు. వేరేవాడు ఘాట్‌లో నడుపుతుంటే పక్కన కూర్చోలేనన్నాడు. అయితే వెనక కూర్చోండి అంది లోవలక్ష్మి. ఎడమ కిటికీ పక్కన అతన్ని కూర్చోబెట్టి, తను అతనికి కుడిపక్కన కూర్చుంది. మొదటి రెండు మలుపులకీ అతను ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకునే ఉన్నాడు. మూడో మలుపు దగ్గర జీపు కొంచెం నెమ్మదించింది. ఎడమవైపు ఏముందో చూద్దామని ముఖం మొత్తం అటు తిప్పాడు.

కింద లోయ ఉంది. మడులు మడులుగా పొలాలు, వాటి మధ్య ఎర్రమట్టి దారి, దాని మీద చీమంత మనిషి. ఈ ఘాట్ రోడ్డున అతను ముప్ఫైసార్లకి పైగా వచ్చి ఉంటాడు. ఒక్కసారి కూడా లోయ చూడలేదు. చూస్తే బండి ఎవరు చూస్తారు. లోవలక్ష్మి కూడా అతని భుజం మీదుగా వంగి చూసింది.

ఇప్పుడతను ట్రావెల్స్ ఆఫీసులోనే కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నాడు. జీతం తగ్గింది. పాత పార్టీలు మూర్తులు గారే రావాలంటే, తనకి కన్ను పోయిందని దాచకుండా చెప్తాడు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి లోవలక్ష్మి చుక్కలు వేస్తుంది, చేతులకి చేపల వాసన పోయేదాకా సబ్బుతో కడుక్కుని. డాక్టరమ్మ మూడు నెలలకోసారి రమ్మంది. ఆగస్టులో ఇద్దరూ వెళ్లొచ్చారు. ఎడంకన్ను ఇంకొంచెం తగ్గింది. కుడికన్ను ఎక్కడుందో అక్కడే ఉంది.