తాళం బాబాయి తొందరపడిన రోజు

రక్తపరీక్షల ల్యాబులో సర్వర్లు చూసుకునే ఆయన్ని అక్కడివాళ్ళంతా తాళం బాబాయి అంటారు. ఎప్పుడో ప్రింటర్లు బాగుచేయడానికి వచ్చి, పంతొమ్మిదేళ్ళుగా అక్కడే ఉండిపోయాడు. ఆగిపోయిన రిపోర్టుల పేజీని నిలబెట్టాక కూడా వెంటనే జనానికి తెరవడు. ఒక పూట తాళం వేసి ఉంచి, లోపల ఒక్కడే కూర్చుని ఒక్కో నంబరూ గాజు గొట్టాల మీద చీటీలతో సరిచూసుకుంటాడు. "పెళ్ళికి ఒప్పుకోవడానికి కూడా ఒక పూట గడువు అడిగాడట," అని రిసెప్షన్‌లో కూర్చునే అక్క ఆటపట్టిస్తుంది.

ఆ అలవాటు ఆయన ఒక్కసారే తప్పాడు. నా వల్లే.

మా పాపకు అప్పటికి పన్నెండు రోజులు. పుట్టగానే మడమ నుంచి తీసిన రక్తంలో థైరాయిడ్ మీద అనుమానం వచ్చింది. డాక్టరమ్మ మళ్ళీ రక్తం తీయించి, "రిపోర్టు చూడగానే ఫోన్ చెయ్యండి. నిజమే అయితే రెండు వారాలు నిండకముందే మందు పడాలి. మెదడు ఎదిగే వయసు," అంది. నేను జీవశాస్త్రం చదివినవాణ్ణి. థైరాయిడ్ హార్మోను లేకపోతే ఏమవుతుందో పుస్తకంలో బొమ్మలతో సహా చూశాను. చదవకపోయుంటే బాగుండేది.

రిపోర్టు రావలసిన పొద్దున ల్యాబు వెబ్‌సైటు మామూలుగానే తెరుచుకుంది. రిపోర్టుల పేజీ ఉండే సబ్‌డొమైన్ మాత్రం ఎంతకీ రాలేదు. బండేసుకుని వెళ్ళాను.

వెనక గదిలో బాబాయి గొంతుక్కూర్చుని కొత్త సర్వర్‌కు తీగలు తగిలిస్తున్నాడు.

"పాతదాని డిస్కు పోయింది బాబూ. మూడు రోజుల కిందటి బ్యాకప్ ఉంది, పేజీ లేస్తుంది. ఆ తర్వాతి ఫలితాలు పరీక్ష చేసే మెషీన్‌లో ఉన్నాయి. తెచ్చి కలపాలి."

"ఎంతసేపు?"

"సాయంత్రం అవుతుంది."

"సాయంత్రమైతే మా పాపకు ఇంకో రోజు పోయినట్టే కదా బాబాయ్," అన్నాను.

ఆయన నా ముఖం చూసి మళ్ళీ తీగల మీదికి వంగాడు. పదింటికల్లా పేజీని ల్యాబులోని వాళ్ళకు మాత్రం లేపాడు. అక్క ఆ పొద్దుటి రక్తాలకు నంబర్లు వేయడం మొదలుపెట్టింది. ఒంటిగంటకు మెషీన్‌లోని ఫలితాలు వచ్చి చేరాయి. నేను గుమ్మంలోంచి కదల్లేదు.

"సరే, తెరుస్తున్నా. చూసుకో," అన్నాడు.

రసీదు మీది పాప నంబరు ఫోన్‌లో కొట్టాను. సాధారణం, అని ఉంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. మా ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఫోన్ పెట్టేసి, ఏదైనా రెండుసార్లు చదివే అలవాటు కొద్దీ మళ్ళీ చదివాను. రక్తం తీసిన సమయం: ఈ రోజు, పదీ పదిహేను. ఆ సమయానికి పాప ఇంట్లో, తల్లి ఒళ్ళో ఉంది. మేం రక్తం ఇచ్చింది మొన్న.

"బాబాయ్, ఇది మా పాపది కాదు."

ఆయన ఫోన్ తీసుకుని చూశాడు. "బ్యాకప్‌తో పాటు నంబర్ల లెక్క కూడా మూడు రోజులు వెనక్కి వెళ్ళింది. మొన్న మీకిచ్చిన నంబరే ఈ పొద్దున ఇంకో బిడ్డకు పడింది."

మరుక్షణం పేజీ ఆపేశాడు. అక్క పరుగున వచ్చింది.

"ఇప్పుడేగా లేచింది! మళ్ళీ పడిందా?"

"పడలేదు తల్లీ. నేనే ఆపా."

"బయట జనం నన్ను నమిలేస్తారు బాబాయ్!"

"కాసేపు నమలనీ. ముందు నంబర్లు వేయడం ఆపు."

ఈలోగా పేజీ తెరిచినవాళ్ళు తొమ్మిదిమంది. అందరికీ ఆయనే ఫోన్ చేశాడు. "మీరు చూసింది నమ్మకండి. పొరపాటు నాది," అని తొమ్మిదిసార్లూ అదే మాట. పక్కనే నిలబడ్డ నా సంగతి ఎత్తలేదు.

తర్వాత ఫ్రిజ్‌లోంచి మొన్నటి గొట్టాలు తీసి, మా పాపది వెతికి మళ్ళీ మెషీన్‌లో పెట్టించాడు. గంటన్నర పట్టింది. గోడమీది టైల్స్ ఎన్నున్నాయో ఆ రోజు ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి.

"చీటీ మీద పేరు చదువు. పైకి చదువు. తారీఖు కూడా," అన్నాడు బాబాయి. చదివాను. అప్పుడు గానీ కాగితం చేతికివ్వలేదు. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు డాక్టరమ్మ అక్కర్లేకపోయింది. అయినా ఫోన్ చేశాను. మందు ఈ రోజే మొదలుపెట్టమంది.

ఇంటికి చేశాను. మా ఆవిడ గొంతులో మధ్యాహ్నపు సంతోషం ఇంకా ఉంది.

"ఇందాక నేను చెప్పింది మన పాపది కాదు," అన్నాను.

పాపను ఒళ్ళోంచి భుజానికి మార్చుకున్న చప్పుడు వినిపించింది.

"మందు ఎప్పటినుంచి వేయమన్నారు?"

"ఈ రోజునుంచే."

"మరి ఇంకా అక్కడేం చేస్తున్నావ్? తీసుకుని రా," అంది.