సోమయ్య స్విచ్ తీశాడు

ఎనభైల్లో దుమ్ముగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో నేను ఎలక్ట్రీషియన్‌ని. పక్క గూడెం నుంచి వచ్చే సోమయ్య అక్కడ మోటారు ఆపరేటర్.

కరెంటు వృథా కాకుండా మోటారుకు పెట్టే కెపాసిటర్ ఒకసారి పాడైంది. ఆ మోటారుకు ఎంతది సరిపోతుందో లెక్క కట్టకుండా, వేరే మిల్లులో మిగిలిన పెద్దదాన్ని తెచ్చి బిగించాను.

"పాతదానికి రెండింతలున్నది గదన్నా," అన్నాడు సోమయ్య.

"పెద్దదైతే మంచిదే. నువ్వు స్విచ్ చూసుకో, చాలు," అన్నాను.

వారం తిరక్కముందే, వడ్లు ఆడుతుండగా కరెంటు పోయింది. మళ్లీ కరెంటొస్తే మోటారుకు దెబ్బ తగలకుండా సోమయ్య వెంటనే స్విచ్ తీశాడు. చక్రాల ఊపుకు మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది. అంతలో కాలిన వాసన వచ్చింది.

యజమాని పరుగున వచ్చారు. "స్విచ్ తియ్యకుండా ఎక్కడ తిరుగుతున్నావురా?"

"తీసిన దొరా. తీసినంకనే కాలింది."

"తీసి ఉంటే, కరెంటు లేకుండా మోటారు కాలుద్దా? నువ్వు చెప్పవయ్యా," అని ఆయన నావైపు తిరిగారు. సోమయ్య కూడా నావైపే చూశాడు.

కాలుతుంది. సరఫరా ఆగినా, ఊపు మీద తిరిగే మోటారుకు మరీ పెద్ద కెపాసిటర్ తగిలించి ఉంటే వోల్టేజీ పెరిగిపోతుంది. ట్రైనింగులో చెప్పిన ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"కాలదండీ," అన్నాను.

సోమయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ మిల్లూ అతణ్ని పెట్టుకోలేదు. కొత్త మోటారుకు నేను చిన్న కెపాసిటరే బిగించాను.

ఇన్నేళ్లుగా ఆ ఒక్క మాట మోసి అలసిపోయాను. ఆ వైపు వారెవరైనా ఇది చదివితే సోమయ్యకో, అతని పిల్లలకో చెప్పండి. ఆ రోజు అతను స్విచ్ తీశాడు. నేను చూశాను.