రేపల్లె దాకా వెళ్ళిన డైలాగు

హైదరాబాదులో సినిమాలకి మాటలు రాసే ఒకాయన దగ్గర నేను సహాయకుణ్ణి. రాసేది నేను, తెర మీద పేరు పడేది ఆయనది. ఈ వృత్తిలో దాన్ని ఎవరూ తప్పనుకోరు. 2004లో ఒక యుద్ధం సినిమాకి పనిచేశాం. ఇంటర్వెల్‌కి ముందు ఆడవాళ్ళు కళ్ళొత్తుకునే సీను ఒకటి కావాలని నిర్మాత అడిగాడు. గుండు దెబ్బ తిన్న సైనికుడు పక్కనున్న స్నేహితుడి చెయ్యి పట్టుకుని, తల్లికి కబురు చెప్పి ప్రాణం వదిలే సీను రాసిచ్చాను. మూడు నిమిషాలు మాట్లాడతాడు. అంత దెబ్బ తగిలినవాడు అంతసేపు ఎలా మాట్లాడతాడని నాకూ ఒక క్షణం అనుమానం వచ్చింది గానీ, రెండో టీ వచ్చేసరికి పోయింది. సినిమా ఓ మోస్తరుగా ఆడింది, ఆ సీనుకి మాత్రం పేరొచ్చింది. మరుసటి ఏడాది ఎండలు ముదరకముందే ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద "చనిపోయే సీను రాసినాయనకి" అని ఉంది. రాసింది బాపట్లలో ఉండే మస్తాన్ అనే మాజీ సైనికుడు. "కార్గిల్‌లో నా పక్కనే పోయిన కోటేశ్వరరావు వాళ్ళమ్మ రేపల్లెలో ఉంటుంది. మీ సినిమా చూసిన కాడ్నుంచి, మావాడు నీతో ఏం చెప్పి పంపాడో చెప్పమని నన్ను అడుగుతా ఉంది. వాడేం చెప్పలేదు. అవి సినిమా మాటలమ్మా అంటే నమ్మటం లేదు. మీరొచ్చి చెబితే నమ్ముద్ది." ఉత్తరం చూసి ఆఫీసులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళాక మాత్రం, వస్తున్నానని మస్తాన్‌కి కార్డు రాశాను. ఆ శుక్రవారమే రైలెక్కాను.

సికింద్రాబాదులో రాత్రి ఎక్కితే తెల్లారి ఐదున్నరకి తెనాలిలో దిగాను. నేరుగా బాపట్లకి వెళ్ళే రైళ్ళున్నాయి, వాటిలో నాకు బెర్తు దొరకలేదు. బాపట్ల పాసింజరు ఏడుంపావుకి అన్నారు. స్టేషను బయట టిఫిన్ బండి దగ్గర నాలుగిడ్లీ, ఒక గారె, అల్లం పచ్చడి కలిపి పది రూపాయలు. గారె మాత్రం వదలకండి. బండాయన ఏ ఊరని అడిగాడు. సినిమాల్లో పనిచేస్తానని చెప్పి, అడక్కుండానే ఆ సినిమా పేరు కూడా చెప్పాను. అదొక జబ్బు నాకు.

"ఆ మిలట్రీ సినిమానా అండి? చచ్చిపోయే సీనుకి మావోళ్ళు ఒన్స్‌మోర్ కొట్టారండి," అన్నాడు.

"సినిమాకి ఒన్స్‌మోర్ ఏంటండి?"

"నాటకాల ఊరు కదండి. ఆపరేటరు కూడా మావాడే. ఆపి, రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. ఆ అబ్బాయి రెండోసారి చచ్చిపోయాడు, మేం రెండోసారి ఏడ్చాం."

పద్యనాటకంలో చనిపోయిన పాత్రధారి జనం కోరితే లేచి కూర్చుని పద్యం మళ్ళీ పాడి మళ్ళీ పడిపోవడం ఇక్కడివాళ్ళకి కొత్త కాదు. థియేటర్‌లో అలా జరిగిందో లేదో గానీ, బండాయన చెప్పిన తీరుకి నాకు సంతోషమేసింది. ఏ పని మీద వచ్చానో తెలిసి కూడా సంతోషమేసింది. అది ఇక్కడ దాచడం ఎందుకు.

పాసింజరు టికెట్టు తొమ్మిది రూపాయలు, ప్రయాణం గంటంపావు. పెట్టెనిండా ఎండుచేపల బుట్టలు, కాలేజీ పిల్లలు. కిటికీలోంచి చూస్తే మినుము పీకేసిన చేలు బోసిగా ఉన్నాయి. బాపట్ల స్టేషనులో మస్తాన్ నా కోసం నిలబడి ఉన్నాడు. ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ళుంటాయి. తల ముప్పాతిక నెరిసింది. ఎడమ చెవి వినపడదట, నన్ను ఎప్పుడూ తన కుడిపక్కకే నడిపించాడు. ఒక బ్యాంకు దగ్గర కాపలా ఉద్యోగం. ఇంట్లో టీ ఇస్తూ ఆయన భార్య, "రాత్రి డ్యూటీ కావాలని అడిగి మరీ వేయించుకుంటారన్నా. అందరూ పగటి డ్యూటీ కోసం కొట్టుకుంటుంటే," అంది. ఆయన గోడకి వీపు ఆనించి, గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు. నాకు తోచక సినిమా పూర్తిగా చూశారా అని అడిగాను.

"ఇంటర్వెల్ దాకా చూశానండి. బాగానే తీశారు. అందులో ఎవ్వరికీ నిద్ర ముంచుకురాలేదండి, అదొక్కటే చూశాను."

"అంటే?"

"యుద్ధమంటే ముందు నిద్ర లేకపోవటమేనండి. మిగతావన్నీ ఆ తర్వాతే."

తర్వాత తనే చెప్పాడు. మూడు రోజులు కన్ను మూయలేదట. నాలుగో రాత్రి రాళ్ళ చాటున తనూ, కోటేశ్వరరావూ రెండేసి గంటలు వంతులేసుకున్నారు. ముందు కోటి కాపలా, మస్తాన్ నిద్ర. రెండు గంటలయ్యాక కోటి లేపాలి. లేపలేదు. ఇంకో గంట పడుకోనిచ్చాడు. ఆ గంటలోనే ఫిరంగి గుండు పడింది. మస్తాన్‌కి మెలకువ వచ్చేసరికి చెవిలోంచి నెత్తురు, నోటినిండా మట్టి, పక్కన కోటి. చెయ్యి పట్టుకోవడానికి గానీ, మాట వినడానికి గానీ ఏమీ మిగల్లేదు. "నన్ను లేపుంటే అక్కడ నేనుండేవాణ్ణండి. వెంటనే పోయాడమ్మా, బాధపడలేదు అని చెప్పానే గానీ, నేను నిద్రపోతున్నానని ఆమెకి చెప్పలేదు. ఆరేళ్ళయింది. మీరు అవి సినిమా మాటలని చెప్పండి, తర్వాత ఇవాళ ఇది నేను చెప్పేస్తాను," అన్నాడు.  మూడు నిమిషాల డైలాగు రాసినందుకు సిగ్గేసింది.

పదిన్నరకి చెరుకుపల్లి మీదుగా వెళ్ళే రేపల్లె బస్సు ఎక్కాం. టికెట్టు పద్దెనిమిది, దాదాపు రెండు గంటలు. చందోలు దాటాక రోడ్డు బాగా దెబ్బతిని ఉంది, వెనక సీట్లలో కూర్చోకండి. కండక్టరు టికెట్లు కొట్టడం అయ్యాక మస్తాన్ దగ్గరికొచ్చి వంగి, "నాగరత్నమ్మగారు నిన్న మళ్ళీ బస్టాండుకొచ్చి అడిగిందయ్యా. ఆ మాటేదో చెప్పెయ్యరాదూ? పెద్దావిడ," అన్నాడు. వారానికి రెండుసార్లు కోటి వాళ్ళమ్మ ఇలా ఈ బస్సు మీదే కబురు పెడుతుందట. మస్తాన్ తలూపి కిటికీ వైపు తిరిగాడు. కండక్టరు దృష్టిలో మస్తాన్ ఒక తల్లికి చెందాల్సిన మాట దాచుకున్నవాడు. బస్సులో సగంమంది అలాగే చూశారు.

నాగరత్నమ్మగారి ఇల్లు రేపల్లె బస్టాండుకి పది నిమిషాల నడక. రెండు గదుల పెంకుటిల్లు, చిన్న కొడుకు రైసుమిల్లులో పనికి వెళ్ళాడు. గోడ మీద కోటి ఫొటో ఉంది. యూనిఫాం కొంచెం వదులుగా, నవ్వు కొంచెం బెరుగ్గా. మా సినిమాలో చనిపోయే అబ్బాయితో ఒక్క పోలికా లేదు. మజ్జిగ తాగాక నేను గొంతు సవరించుకుని చెప్పాను.

"అమ్మా, ఆ సినిమాలో చనిపోయే అబ్బాయి మాటలు నేను రాశానండి. అవి కల్పించినవి."

"ఎవరో చెబితేనే కదా బాబూ రాస్తారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. గదిలో కూర్చుని రాశాను."

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "మరి నువ్వు చెప్పు," అని మస్తాన్ వైపు తిరిగింది. మస్తాన్ నాకు చెప్పినదంతా చెప్పాడు. తల దించుకుని, ఎక్కడా ఆగకుండా చెప్పాడు.

"నిద్రపోతున్నావా?"

"అవునమ్మా."

"వాడు నిన్ను లేపలేదా?"

"లేపలేదమ్మా."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండు కంచాలు తెచ్చి పప్పు, దొండకాయ వేపుడు వడ్డించింది. తిన్నాం. చేతులు కడుక్కుని వచ్చాక ఆమె నన్ను అడిగింది.

"బాబూ, నువ్వు రాసిన మాటలు నీకు నోటికొచ్చా?"

వచ్చన్నాను. చెప్పమంది. చెప్పాను. "మా అమ్మకి చెప్పు, నా వీపు మీద ఒక్క గాయమూ లేదని. ఏడవొద్దని చెప్పు. చెల్లెల్ని జాగ్రత్తగా చూసుకోమని చెప్పు." ఇంకా చాలా ఉంది, ఆమె అక్కడే ఆపింది.

"మాకు ఆడపిల్ల లేదు. తమ్ముణ్ణి అనాలి."

నేను మార్చాను. ఎవరైనా మార్చమంటే మార్చడం నాకు అలవాటు, చెయ్యి దానంతటదే కదిలినట్టు నోరు కదిలింది.

"ఆ గాయం మాట తీసెయ్."

తీసేశాను. చివరికి రెండే ముక్కలు మిగిలాయి. అప్పుడామె మస్తాన్‌కేసి చూసింది. "ఇప్పుడు నువ్వు చెప్పు. పక్కనున్నది నువ్వు కదా."

మస్తాన్ నా వైపు చూశాడు. నేను చూపు దించుకున్నాను. ఆయన మెల్లిగా లేచి, అధికారి ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు.

"ఏడవొద్దన్నాడమ్మా. తమ్ముణ్ణి జాగ్రత్తగా చూసుకోమన్నాడు."

"అన్నాడా?"

"అన్నాడమ్మా."

ఆమె అప్పుడు ఏడ్చింది. ఆరేళ్ళుగా దాచిపెట్టుకున్న ఏడుపులా ఉంది. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. "మావాడు చెప్పి పంపాడంటమ్మా," అని ఆవిడకి చెప్పుకుంటుంటే మేం చెప్పులేసుకున్నాం.

అక్కడ ఇంకాసేపు ఉండాల్సింది. నాలుగుంపావుకి తెనాలి పాసింజరుందని నేనే తొందరపెట్టాను. ఏడు రూపాయల టికెట్టు. బండి ప్లాట్‌ఫారం మీదే సిద్ధంగా ఉంది. ఆమె అలా అడిగినందుకు కోపమొచ్చిందా అని మస్తాన్‌ని అడిగాను.

"లేదండి. ఇక అడగదు. బస్సువాళ్ళు కూడా అడగరు," అన్నాడు. గార్డు విజిల్ వేశాక మళ్ళీ అన్నాడు, "కానీ నేను నిద్రపోయిన సంగతి ఇంకెవరికి చెప్పుకోనండి? చెప్పాల్సిన మనిషికి చెప్పాను. ఆమెకి అక్కర్లేకపోయింది."

 బండి కదిలింది, ఎక్కేశాను.

ఇది జరిగి మూడేళ్ళు. ఒక అబద్ధాన్ని సరిదిద్దడానికి వెళ్ళినవాణ్ణి, దాన్ని ఆమె కొలతలకి కుట్టి ఇచ్చి వచ్చాను. ఆమెని తప్పుపట్టలేను. కొడుకు ఒక గంట నిద్రని స్నేహితుడికి వదిలేసి పోయాడన్నది చాలా గొప్ప సంగతి, కానీ అందులో తల్లికి చెప్పిన మాట ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఇంకో యుద్ధం కథ వస్తే, ఒక సైనికుడు పక్కవాణ్ణి లేపకుండా కూర్చునే సీను రాసిచ్చాను. "నిద్రపోయేవాణ్ణి చూపిస్తే జనం కూడా నిద్రపోతారయ్యా," అని దర్శకుడు కొట్టేశాడు. నేను వాదించలేదు, మార్చిచ్చాను. మస్తాన్‌కి రెండు ఉత్తరాలు మొదలుపెట్టి చించేశాను. మాటలు రాసి బతికేవాణ్ణి, ఆయనకి రాయడానికి మాత్రం ఒక్క మాటా దొరకలేదు.

ఆ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. అప్పటికీ ఇప్పటికీ ఛార్జీలు, వేళలు మారి ఉంటాయి, స్టేషనులో కనుక్కోండి. రేపల్లెలో సాయంత్రం పాసింజరు పోతుందని కంగారుపడకండి, చీకటిపడ్డాక కూడా తెనాలికి బస్సులుంటాయని నాకు తర్వాత తెలిసింది. ఆ రైలు వదిలేసి ఉంటే ప్లాట్‌ఫారం మీద ఆయన పక్కన, కుడివైపున, ఇంకో గంట కూర్చునేవాణ్ణి.