గోడల్లేని ఇంటి దర్వాజ

అవ్వ పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. "వడదెబ్బ అంటున్నరన్నా దవాఖానల" అంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం అట్లాగే ఉంది. దాన్ని చల్లార్చుకొని రాయాలన్న ఉద్దేశం నాకు లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. మాది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి పళ్ళు గారపట్టిన ఊళ్ళలో పుట్టినవాణ్ణి గనుక నిండుగా నీళ్ళు కనబడితే ఆగలేను. వేసవి సెలవులు రాగానే వీపున సంచీ తగిలించుకొని, కొత్తకోటలో హైవే బస్సు దిగి, అక్కణ్ణుంచి ఏది దొరికితే అది ఎక్కి కృష్ణ ఒడ్డుకు చేరేవాణ్ణి. తర్వాత కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు. చేపలు పట్టేవాళ్ళు, గొర్రెలను నీళ్ళకు తోలుకొచ్చినవాళ్ళు "యాడికి పోతున్నవ్?" అని అడిగేవాళ్ళు. ఊరికే నడుస్తున్నానంటే ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వేవాళ్ళు. అట్లా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం అవ్వ కనబడింది.

ప్రాజెక్టు కట్టినప్పుడు వాళ్ళ ఊరు మునిగిపోయింది. ఒడ్డు మీద గుడిసె వేసుకొని కొడుకు చేపలు పడుతున్నాడు. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోతే పాత ఊరి పునాదులు తేలుతాయి. ఇదంతా నాకప్పటికి తెలియదు. ఎండిన ఒండ్రుమట్టి మధ్యలో ఒక ముసలామె పొయ్యి రాజేసుకొని కూర్చుంది. మంచినీళ్ళు అడుగుదామని నేరుగా నడిచాను.

"ఆగు" అంది గట్టిగా. "గోడ మీదికెల్లి వస్తరా ఎవలన్న? దర్వాజ గిటున్నది."

కిందికి చూస్తే నా చెప్పుల కింద జానెడు ఎత్తు కూడా లేని రాళ్ళ వరుస. ఆమె చెయ్యి చూపిన చోట పసుపు పూసి బొట్లు పెట్టిన గడప రాయి. వెనక్కి వెళ్ళి, చుట్టూ తిరిగి, చెప్పులు విడిచి గడప ముందు నిలబడ్డాను.

"జర వంగు బిడ్డా. మా దర్వాజ పొట్టిది, తలకాయ కొట్టుకుంటది."

నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. అయినా వంగాను. ఆమె నవ్వలేదు. నేను నవ్వి ఉంటే ఆ పూట నాకు జొన్నరొట్టె దొరికేది కాదు.

ఏటేటా గడప తేలిన రోజున అవ్వ దాని మీది పాచి గీకి, కడిగి, పసుపు పూసి ముగ్గేసేది. మళ్ళీ నీళ్ళు వచ్చేదాకా పగటి వంట అక్కడే. ఒడ్డు వెంట ఎవరు పోతున్నా పిలిచి పెట్టేది. గుడిసెలో ఎందుకు పెట్టవని ఒకసారి అడిగాను. "గా గుడిసె ఉండేతందుకు. ఇల్లు ఇది" అంది. హైదరాబాద్ నుంచి మోటర్ సైకిళ్ళ మీద వచ్చిన పిల్లలు బూట్లతో గోడ దాటి వస్తే, ఆకలి మీదున్నారని కూడా చూడకుండా వెనక్కి పంపి, దర్వాజ నుంచి రప్పించింది. గాజులమ్మే సాయబు మాత్రం ఎన్నడూ తప్పలేదు. గడప బయట నిలబడి "అమ్మా, లోపటికి రావాల్నా?" అని అడిగి, వంగి వచ్చేవాడు.

మా ఊరి సంగతి చెప్పినప్పుడు అవ్వ నా పళ్ళ వంక చూసి, "మీకు నీళ్ళు లేక పాయె, మాకు నీళ్ళొచ్చి పాయె" అని పచ్చిపులుసు ఇంకో గరిటె పోసింది. ఇంకోసారి అంది: "మునిగింది ఊరు. ఇల్లు మునగలే. ఎవలో ఒకలొచ్చి తినిపోతున్నరు గద." ఆమెకు ఇల్లంటే ఆ రాళ్ళు కాదు, ఆ తినిపోవడమే. ఆమె చేతిలో మిగిలింది అదొక్కటే, దాన్ని కూడా ఉండనియ్యలేదు.

ఈ ఎండాకాలం ఆ ఇంటి చుట్టూ కంచె పడింది. ఎవరో పట్నం సేటు లోపల గుడారాలు వేయించాడు. మాంసం కాల్చుకొని తిని ఏటి గాలికి పడుకోవచ్చట, లోపలికి పోవాలంటే టికెట్ కొనాలట. పొయ్యిలోకి పుల్లలు పట్టుకొని వచ్చిన అవ్వను కావలి మనిషి ఆపాడు.

"మా ఇంట్లకు నాకు టికెట్టా?" అని అడిగిందట.

ఇల్లెక్కడుందని అతను అటూ ఇటూ చూశాడట. అతన్ని అనను, అతని కళ్ళకు రాళ్ళే కనబడ్డాయి. కొడుకు ఆఫీసుకు పోయి అడిగితే, ఆ జాగా ప్రాజెక్టుది, మీది కాదన్నారు. సరే, అవ్వది కాదు. మరి సేటుది ఎట్లా అయింది? ఊరు పోగొట్టుకున్న మనిషి రొట్టె కాల్చుకుంటే అడ్డమైన నేల, మాంసం కాల్చుకునేవాళ్ళకు అడ్డం కాలేదు.

అవ్వ రోజూ వెళ్ళి కంచె బయట కూర్చుంది. "నడుసుకుంట ఎవలన్న వస్తె, నేను లేకపోతె ఎట్ల?" అనేదట.

"కొంగు నెత్తినేసుకొని గాడనే కూసున్నదన్నా. లెవ్వమంటె లెవ్వలే. ఒకనాడు లేపబోతె పక్కకు ఒరిగింది" అంది కోడలు.

దాన్ని వడదెబ్బ అన్నారు. ఆమె పుట్టింది ఆ ఎండలో, పెరిగింది ఆ ఎండలో. ఇన్నేళ్ళు చంపని ఎండ కంచె పడ్డ ఏడాదే చంపిందా? ఆమె రొట్టె తిన్నవాళ్ళు కొందరు ఫోన్లలో ఆమె ఫోటో పెట్టి, పక్కన దండం బొమ్మ పెట్టారు. కంచె గురించి ఒక్కరు కూడా ఒక్క మాట రాయలేదు. వాళ్ళ దండాలు నాకు అక్కర్లేదు, అవ్వకు అంతకన్నా అక్కర్లేదు.

దినాలకు వెళ్ళినప్పుడు గేటు దగ్గర నిలబడ్డాను. నాకు అడగ్గానే టికెట్ ఇచ్చారు. లోపల గోడల వరుస మీద కుర్చీలు వేసుకొని ఎవరో కూల్‌డ్రింకులు తాగుతున్నారు. గడప రాయి దాని చోట లేదు. వెతికితే స్నానాల గది ముందు కనబడింది, కాళ్ళ బురద గీకడానికి పరిచారు. మూలన పసుపు ఇంకా కొంచెం అంటుకొని ఉంది.

నేను వెనక్కి తిరిగి, కుర్చీల చుట్టూ తిరిగి, రాయి పెకిలించిన గుంత దగ్గరికి వచ్చాను. కావలి మనిషి నన్నే చూస్తున్నాడు.

"గట్ల సుట్టు తిరుగుడెందుకు సార్? సక్కగ రారాదు" అన్నాడు.

"దర్వాజ గిటున్నది" అన్నాను.

చెప్పులు విడిచి, తల వంచి లోపలికి వెళ్ళాను.