కాలువల అంకుల్ కోచింగ్

లైసెన్సు రాని ఆ రోజుల్లో వాన గురించి నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు, తడవడం ఒక్కటి తప్ప. ఆస్ట్రేలియాలోని పారమట్టాలో ఒక చిన్న ఆఫీసులో కూర్చుని, వరద లెక్కలు కడుతూ ఊళ్ళకు ఊళ్ళను కంప్యూటర్లో ముంచి, తేల్చేవాణ్ణి. నా డ్రాయింగుల మీద సంతకం మాత్రం వేరేవాళ్ళది. ఆ హక్కు నాకు రావాలంటే జలవనరుల విభాగంలో లైసెన్సు పరీక్ష నెగ్గాలి. రాతపరీక్ష గట్టెక్కినా ఇంటర్వ్యూలో ఒకసారి తప్పాను (ముగ్గురు పెద్దమనుషులూ చాలా మర్యాదగా నవ్వారు, అప్పుడే అనుమానం వచ్చింది). ఈసారీ తప్పితే కొత్త ప్రాజెక్టు నా జూనియర్‌కి ఇస్తానని మా బాస్ అంతకంటే మర్యాదగా చెప్పాడు.

అక్కడికి దగ్గర్లోని గిరావీన్‌లో మా అమ్మ వైపు దూరపు చుట్టం ఒకాయన ఉండేవారు. జీవితమంతా కాలువలు కట్టించి రిటైరయ్యారు కాబట్టి అందరికీ ఆయన కాలువల అంకుల్. ఆదివారాలు వస్తే కోచింగ్ ఇస్తానన్నారు. నేను పుస్తకాలు మోసుకుని వెళితే చేతికి పార ఇచ్చారు.

“అంకుల్, ఇంటర్వ్యూకి థియరీ రివైజ్ చెయ్యాలి కదా!”

“థియరీ ట్రైన్‌లో చదూకో. మా క్లోత్స్‌లైన్ కింద నీళ్ళు నిలిచిపోతున్నాయ్, మీ ఆంటీ బట్టలారేయడానికి పడవ కొనమంటోంది. ముందది సాల్వ్ చెయ్యి. డిజైన్ అంతా నీదే, నేను వేలు పెట్టను.”

వందేళ్ళకోసారి వచ్చే వానకు కూడా చెక్కు చెదరని కాలువ ఒకటి డిజైన్ చేశాను. తవ్వుతుంటే అరచేతులు బొబ్బలెక్కాయి. ఆంటీ ఉప్మా తెచ్చిపెట్టి, “ఇక్కడ యూనివర్సిటీలో ఇదే నేర్పారా బాబూ?” అని జాలిపడింది.

మరో ఆదివారం మధ్యాహ్నం కుండపోతగా వాన పట్టుకుంది. అంకుల్, నేను టీ గ్లాసులతో వరండాలో నిలబడ్డాం. క్లోత్స్‌లైన్ కింద చుక్క నిలవలేదు. నీళ్ళన్నీ నా కాలువలోకి దిగి, బుద్ధిగా కంచె కిందుగా పోతున్నాయి.

“శభాష్‌రా! ఆ డిశ్చార్జ్ చూడు, నీళ్ళెంత జోరుగా పోతున్నాయో!” అని అంకుల్ నా వీపు తట్టారు. డిశ్చార్జ్ చూశాం. అది ఎక్కడికి పోతోందో మాత్రం ఇద్దరం చూడలేదు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. పక్కింటి ఆస్ట్రేలియా ఆవిడ, తలమీద పుట్టినరోజు టోపీ, మోకాళ్ళ దాకా బురద. “మా మనవరాలి బర్త్‌డే బార్బెక్యూ పార్టీ జరుగుతోంది. మీ నీళ్ళను మేం పిలవలేదే!” అంది ఇంగ్లీషులో, చాలా శాంతంగా.

అంకుల్ ఒక అడుగు వెనక్కి వేసి నన్ను ముందుకు తోశారు. “డిజైనర్ ఇతనే. లైసెన్స్ ఎగ్జామ్‌కి ప్రిపేర్ అవుతున్నాడు.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “ఇంకా టైముంది కదా నాయనా, వేరే ఏదైనా చదువుకోకూడదూ?”

పరుగున వెళ్ళి చూస్తే పెద్దవాళ్ళు సాసేజ్ పళ్ళాలతో కుర్చీల మీద నిలబడి ఉన్నారు. పిల్లలు మాత్రం అంతకంటే మంచి పుట్టినరోజు ఎరగనట్టు నీళ్ళలో గెంతుతున్నారు. వానలోనే నా కాలువను నేనే పూడ్చాను. తర్వాతి ఆదివారం ముందు ఆవిణ్ణి అడిగి, ఆవిడ పెరడంతా తిరిగి చూసి, ఈసారి నీటిని వీధి వైపు మళ్ళించాం. మధ్యలో ఆవిడ మిగిలిన కేకు తెచ్చిచ్చింది.

ఇంటర్వ్యూలో మళ్ళీ ఆ ముగ్గురే. “మీ పని వల్ల దిగువనున్నవాళ్ళకు ఇబ్బంది కలిగిన సందర్భం ఏదైనా చెప్పండి,” అన్నారు. ఒక పెద్ద నది వరద గురించి అద్దం ముందు సాధన చేసిన జవాబు ఉంది. నోరు తెరిస్తే మాత్రం సాసేజ్‌లే బయటికొచ్చాయి. ఒకాయన పగలబడి నవ్వాడు (మర్యాద లేకుండా నవ్వితే మంచి శకునమని నాకప్పటికి తెలియదు). “తర్వాతేం చేశారు?” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

“ముందు పక్కింటికి వెళ్ళి చూశానండీ. లెక్కలు ఆ తర్వాత వేశాను.”

లైసెన్సు వచ్చింది. “నా స్టూడెంట్!” అని అంకుల్ గిరావీన్ అంతా చెప్పుకున్నారు. ఇప్పుడు కొన్ని పేటల వాననీళ్ళు నా సంతకం మీదే ప్రవహిస్తున్నాయి. ఆకాశం మబ్బు పడితే చాలు, నేను పని ఆపేసి ఆఫీసు కిటికీ దగ్గరికి పోతాను, ఈపూట ఎవరి పెరట్లో పుట్టినరోజో అనుకుంటూ చివరి చినుకు దాకా అక్కడే నిలబడతాను. సార్‌కి వానంటే ఎంత ఇష్టమోనని మా ఆఫీసు కుర్రాళ్ళు ముచ్చటపడుతుంటారు. నేనూ కాదనను.