లేచి నిలబడితే ఆయాసం

పెడనలో కాంతారావు గారి కలంకారీ షెడ్డులో దుర్గాభవాని అద్దకానికి మంచి పేరుండేది. చీర పొడవునా ఆమె అచ్చు వేసుకుంటూ పోతే అతుకు ఎక్కడో ఎవరికీ తెలిసేది కాదు.

నలభై దాటాక ఆమెను ఒక వింత జబ్బు పట్టుకుంది. బల్ల ముందు నిలబడితే ఊపిరి అందదు. చాప మీద నడుం వాలిస్తే కాసేపటికి మామూలైపోతుంది. ఊళ్ళో డాక్టరు పడుకోబెట్టి చూసి, ఏమీ లేదన్నాడు.

“పని చెయ్యమంటేనే వస్తుందేమో ఆయాసం!” అని షెడ్డులో ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

ఆమె బల్లను తోడికోడలు ప్రసన్నకిచ్చారు. ప్రసన్నకు పని నేర్పింది దుర్గాభవానే. ఇప్పుడు ఇంట్లో ఉండలేక షెడ్డుకొచ్చి మూల చాప మీద పడుకుని, అచ్చు మీద ప్రసన్న పిడికిలి పడే చప్పుడు వింటుంటే ఆమె కడుపు రగిలిపోయేది. రంగు చెదిరితే బాగుండునని కోరుకునేది. చెదిరేది కాదు.

ఒకరోజు కాంతారావు గారు చీర విప్పి చూసి, “మీ అక్కను మించిపోయావమ్మా!” అన్నారు.

దుర్గాభవాని దిగ్గున లేచి ప్రసన్న చేతిలోని అచ్చు లాక్కుంది. “ఎవరి చెయ్యి గొప్పదో ఇప్పుడు చూడండి!”

నాలుగు అచ్చులు వేసేసరికి కళ్ళు తిరిగి కూలబడింది. ప్రసన్న పట్టుకుని పడుకోబెట్టింది. నీలంగా మారిన పెదవులు చూస్తుండగానే మళ్ళీ ఎర్రబడ్డాయి.

“నటిస్తున్నావనుకున్నానక్కా,” అంటూ ప్రసన్న ఏడ్చేసింది.

“నా ముందు ఏడవకు,” అంది దుర్గాభవాని.

అయినా మర్నాడు ప్రసన్నే ఆమెను బందరు తీసుకెళ్ళింది. జరిగింది విని డాక్టర్ గోవర్ధనరావు గారు ఆమె వేలికి ఆక్సిజన్ మీటర్ తగిలించి, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూశారు. నిలబడగానే అంకె జారిపోయింది.

“గుండెలో పుట్టుకతోనే చిన్న రంధ్రం ఉండి ఉంటుందమ్మా, వయసు మీద పడ్డాక ఇప్పుడు బయటపడింది. నిలబడినప్పుడు చెడు రక్తం అందులోంచి వెళ్ళి మంచి రక్తంలో కలుస్తోంది. పడుకుంటే తగ్గుతోంది.”

స్కానింగులో అదే తేలింది. విజయవాడలో కాలి రక్తనాళం గుండా చిన్న మూత పంపి ఆ రంధ్రం మూసేశారు.

కోలుకుని షెడ్డుకు వచ్చిన రోజు ప్రసన్న పక్కకు జరిగింది. “నీ బల్ల నువ్వు తీసుకో అక్కా.”

“అక్కర్లేదు. నాకింకోటి వేయిస్తారులే.”

ఇప్పుడు ఇద్దరివీ ఎదురెదురు బల్లలు. కాంతారావు గారు ముందుగా ప్రసన్న చీర అందుకుంటే మాత్రం దుర్గాభవాని మొహం ఇప్పటికీ మాడిపోతుంది. దాన్ని దాచుకోవాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.