కాళ్లకి నీరొచ్చినప్పుడు

నరసరావుపేటలో గర్భసంచి ఆపరేషన్ చేయించుకొని ఇంటికొచ్చేసరికి నన్ను నేనే గుర్తుపట్టలా. మొహం ఉబ్బింది, చీరకి కుచ్చిళ్లు చాల్లేదు, కాలు నొక్కితే గుంట పడేది. తూకం చూసుకుంటే పోయినప్పటికంటే ఎక్కువున్నా. లోపలున్నది తీసేస్తే బరువు తగ్గాలి గానీ పెరగటమేంది? సెలైన్లు ఎక్కించారు గదా, ఒంటికి నీరు పట్టింది, మెల్లగా దిగిపోద్దని డాక్టరమ్మ చెప్పి, ఉప్పు తగ్గించమంది. చూడొచ్చినోళ్లకి అదంతా ఎందుకు? చానా ఒళ్లు చేశావే అని నవ్వి, కాఫీ తాగి పోయారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

నీరు దిగాల్సింది పోయి కాలివేళ్లకి పాకింది. ఆపరేషనప్పుడు మెట్టెలు తీయాలంటే గొడవ చేసి తీశా. తెలివి రాగానే అడిగి మళ్లీ పెట్టించుకున్నా. ఇప్పుడవి కండలోకి దిగబడ్డాయి. సబ్బు రాసినా కదల్లేదు, వేళ్లు నీలంగా తిరిగాయి. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, మెట్టెలు వెంటనే కత్తిరించి, నన్ను పొద్దున్నే తీసుకురమ్మన్నారు. నేను ససేమిరా అన్నా. మా ఆయన చేసేది క్వారీలో పని, రాయి పేల్చే చోటు. ఆ ఒక్కపూట మెట్టెలు తీసినందుకే నా ప్రాణం గిలగిల్లాడింది. ఇప్పుడు ఏకంగా కత్తిరిస్తే ఆయనకేమన్నా అయితే?

వేళ్లు పోతే పోనీమని ఏడ్చా. ఆయన పోయి కటింగ్ ప్లేయర్ తెచ్చుకొని కింద కూర్చొని, నా పాదం ఒళ్లో పెట్టుకున్నాడు. బండలతో పని చేసే చేతులతో, చర్మం తెగకుండా ఒక్కో మెట్టె పట్టి నొక్కాడు. మెట్టెలు తెగేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

"నాకేం కాదే. నువ్వు నడవాలి ముందు," అన్నాడు.

నా భయం పోలేదని ఆయనకి తెలుసు. మర్నాడు పొద్దున్నే నన్ను ఆసుపత్రిలో చూపించి, మాత్రలు ఇప్పించి, ఇంట్లో దించి పనికి పోయాడు. మధ్యాహ్నం క్వారీ నుంచి ఫోన్ చేశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎక్కడికి పోతున్నాడో చెప్పి పోయిన మనిషి కాదు.

"బానే ఉన్నా. మందులేసుకున్నావా?"

అంతే, పెట్టేశాడు. ఇక రోజూ అన్నం టైముకి అదే ఫోను, అదే మాట.

మాత్రలతో నీరు దిగింది. మొహం మళ్లీ నా మొహమైంది, చీర మామూలుగా కట్టుకుంటున్నా. కంసాలి కొత్త మెట్టెలు చేసిచ్చాడు. తొడిగి చూశా, చక్కగా సరిపోయాయి. మళ్లీ తీసి బీరువాలో పెట్టి, వాపింకా పూర్తిగా తగ్గలేదని ఆయనకి చెప్పా. పెట్టుకున్నానంటే ఆ ఫోన్ ఆగిపోద్దేమోనని.